సైకిలుపై గోదావరి ఆవలి ఒడ్డుకు

గడచిన జనవరి మాసంలో మేమిద్దరం సెంటినరీ కాలనీలో సైకిళ్ళెక్కి, గోదావరి దాటి మహారాష్ట్రలోని సిరొంచకు, అక్కడినుండి ఇంద్రావతి దాటి ఛత్తీస్‌గఢ్ గడ్డమీదికి వెళ్ళి వచ్చినాము. ఈ సంగతి తెలిసిననాటినుండి మిత్రులు, రేడియో కేంద్రంలోని సహోద్యోగులు నన్ను ప్రశ్నలతో ముంచెత్తుచున్నారు. మోటారు బండ్లు ఇన్ని వుండగా సైకిలు దేనికి? రాష్ట్రం పొలిమేరలో ఎవరైనా ఆపుదురా? కాగితాలేమైనా చూపవలెనా? నలుబది దాటిన మోకాళ్ళతో అంత దూరం తొక్కుట సాధ్యమా? ఒక్కొక్కరికి వేరువేరుగా చెప్పుటకంటె ఈ పుటలలో ఒకమారు వివరించుట మేలని తోచినది. దేనికి వెళ్ళినారని మాత్రం ఎవరూ అడుగలేదు. 1996లో మా తరగతి విడిచి వెళ్ళిపోయిన ఒక స్నేహితుని వెదకుటకై వెళ్ళినాము.

బొగ్గుగనుల ప్రాంతం ఎరుగని పాఠకులకు మా కాలనీని గురించి కొంత చెప్పవలసి వున్నది. సింగరేణిలో బొగ్గు త్రవ్వకం 1889లో మొదలయినది. 1989లో నూరేండ్లు నిండినవి. ఆ శతవార్షికోత్సవం పేరనే, అప్పటి కరీంనగరం జిల్లాలో, ఇప్పటి పెద్దపల్లి జిల్లాలో, రామగిరి ఖిల్లా కనుచూపు మేరలో వెలసిన నివాసాలకు సెంటినరీ కాలనీ అని పేరు వచ్చినది. ఇక్కడ ఇల్లు అనరు, క్వార్టరు అందురు. చిరునామా అనగా ఒక అక్షరం, ఒక అంకె. ఉద్యోగం వున్నంతకాలం ఆ అంకె మనది; పదవీ విరమణ తరువాత తాళపుచెవి అప్పగించినచో అది మరొకరిది. పల్లెలో ఎవరైనా తప్పిపోయిన ఇంటిపేరు చెప్పి ఆచూకీ తీయవచ్చును. ఆ ఇంటివారి పొలమో, చావిడో, వేపచెట్టో ఏదో ఒకటి అక్కడ నిలిచియుండును. కాలనీలో అట్టి ఆధారం లేదు. ఎక్కడెక్కడినుండియో వచ్చినవారు ముప్పది సంవత్సరాలు గోడకు గోడ ఆనించుకొని బ్రతికి, ఒక ఉదయం లారీలో సామాను వేసుకొని పోవుదురు. మరునెలలో ఆ గుమ్మానికి వేరొక రంగు పడును.

మా స్నేహితుని తండ్రి గోదావరికి ఆవల, సిరొంచ తాలూకాలోని ఒక పల్లెవాడు. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన తరానికి చెందినవాడు. మేమాయనను కాకా అని పిలిచేవారము. ముగ్గురు పిల్లలకు కలిపి సైకిలు ఒకటే, అదియును కాకాదే. ఆయన రాత్రి షిఫ్టు చేసివచ్చి నిద్రపోయిన తరువాత దానిని చప్పుడు కాకుండ తీసి, కడ్డీ క్రింద కాలు దూర్చి తొక్కుట నేర్చుకొన్నాము. ఆయన మేలుకొనులోపల మట్టి తుడిచి యథాస్థానంలో నిలుపవలెను. కాకాకు ఈ దొంగతనం మొదటినాటినుండియు తెలియునని చాలాకాలం తరువాత తెలిసినది. సీటు ఎత్తు తగ్గించి వుంచినవాడు ఆయనే.

కాకా పదవీ విరమణ చేసిననాడు లారీమీద సామానుతో పాటు ఆ సైకిలును కూడ కట్టినారు. వెళ్ళిన రెండు నెలలకు స్నేహితునివద్దనుండి నాకు ఒక కార్డు వచ్చినది. అది చాలాకాలం నా భౌతికశాస్త్ర పుస్తకంలో వుండినది. నేను జవాబు వ్రాయలేదు. పరీక్షలు ముగిసిన తరువాత వ్రాయుదమని మొదట అనుకొన్నాను. ఆలస్యమైన తరువాత సిగ్గు అడ్డువచ్చినది. ఆ పిమ్మట పుస్తకమే అమ్ముడుపోయినది. ఈనాటి చేతిఫోనులో అతని పేరు వెదికితే ఆ పేరుగలవారు వందలమంది కనబడినారు గాని వారిలో అతడు లేడు. ముగ్గురిలో రెండవవాడు మా కాలనీలోనే వున్నాడు, ఉపరితల గనిలో డంపరు నడుపుచున్నాడు. వెళ్ళి వెదకుదమని బయలుదేరదీసినవాడు అతడే. సైకిలు దేనికన్న ప్రశ్నకు అతని సమాధానం చిన్నది: "వాడు సైకిలు తీస్కపోయిండు గదరా, మనం గూడ సైకిలు మీదనే పోదాం."

నా సమాధానం అంతకంటె కొంచెం పెద్దది. నడకలో మనిషి గంటకు అయిదు కిలోమీటర్లు పోవును. అదే శ్రమతో సైకిలుపై పదునైదు పోవును. ఎముకలు, కండరాలు మోయవలసిన దేహభారాన్ని చక్రాలు మోయుటయే దీనికి ముఖ్యకారణం. అయినను ఆ వేగం దారిలోని మనిషిని పలకరింపలేనంత ఎక్కువ కాదు. చిరునామా లేని మనిషిని వెదకువాడు ప్రతి కూడలిలోను దిగి అడుగవలెను. కారులో వచ్చి అడిగినవారిని అప్పులవారో, భూమి కొనుగోలు చేయువారో అనుకొని జనం ఆచితూచి మాట్లాడుదురు. చెమటతో సైకిలు దిగినవానికి ముందు మంచినీళ్ళిచ్చి తరువాత సంగతి అడుగుదురు.

సైకిలు స్వరూపం మనం అనుకొన్నదానికంటె పాతది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన 'రోవర్' బండిలో ఇంచుమించు సమానమైన రెండు చక్రాలు, వెనుక చక్రాన్ని త్రిప్పు గొలుసు వచ్చినవి. 1888లో డన్‌లప్ గాలి టైరును వాడుకలోనికి తెచ్చినాడు. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తొలి పది సంవత్సరాలలోనే మద్రాసు, ఆసన్‌సోల్, సోనీపత్, లూధియానాలలో సైకిలు కర్మాగారాలు వెలసినవి. మా బండ్లు ఆ కాలపు పద్ధతిలో చేసిన నల్లని బండ్లే. గేర్లు లేవు. ముందరి పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18. కాబట్టి పెడలు ఒక చుట్టు తిరిగినచో వెనుక చక్రం ఇంచుమించు రెండున్నర చుట్లు తిరుగును. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు 2.2 మీటర్లు ముందుకు పోవును. లెక్క కట్టినచో పెడలు చుట్టు ఒక్కటికి 5.4 మీటర్లు వచ్చును. కాలనీనుండి కాళేశ్వరానికి సుమారు 80 కిలోమీటర్లు. అంటే దాదాపు 15 వేల చుట్లు. ఈ అంకె విని నా తోటివాడు బయలుదేరకమునుపే నీరసించినాడు. లెక్కలు ముందుగా చెప్పరాదని అప్పుడు గ్రహించినాను.

చక్రంలోని పుల్లలు లెక్కపెట్టిన పాఠకులు ఎందరుందురో తెలియదు. ఇట్టి బండ్లలో ముందు చక్రానికి 32, వెనుకదానికి 40 వుండును. మనిషి బరువు, క్యారియరు మీది బరువు ఎక్కువగా వెనుకకే పడుటవలన ఈ తేడా. దూరప్రయాణంలో మూటలన్నీ క్యారియరుపైనే కట్టినచో ఎత్తు ఎక్కునప్పుడు ముందు చక్రం తేలిపోవును, పుల్లలు తెగును. అందుచేత కొంత బరువు హాండిలుకు తగిలించవలెను. బ్రేకు రబ్బర్లు, ఒక ట్యూబు, సొల్యూషను డబ్బా, గాలి పంపు, రెండు పానాలు, ఒక గొలుసు లింకు మా సరంజామా. ఎత్తు వచ్చినచోట దిగి నడిపించినాము. గేర్లు లేని బండికి అదే గేరు.

కాగితాల సంగతికి వత్తును. మోటారు బండి రోడ్డెక్కవలెనన్న రిజిస్ట్రేషను, భీమా, కాలుష్య పత్రం, నడుపువానికి లైసెన్సు, ఇన్ని వుండవలెను. సైకిలుకు ఇవేవియు లేవు. ఒకప్పుడు పురపాలక సంఘాలు, పంచాయతీలు సైకిలుపై ఏటేటా పన్ను వసూలుచేసి రేకుబిళ్ళ ఇచ్చేవి. బిళ్ళ లేని బండిని, రాత్రి దీపం లేని బండిని పట్టుకొనేవారు. ఆ బిళ్ళలు ఇప్పుడు పాత ఇనుప సామానులో కనబడును. దేశం దాటినప్పుడు కూడ సైకిలుకు బాధ తక్కువ. అనేక దేశాలలో పరదేశపు మోటారు బండి ప్రవేశించుటకు పూచీపత్రాలు, సుంకాలు అడుగుదురు. సైకిలువాని విషయంలో చూచునది మనిషి పాస్‌పోర్టు, వీసా. నేపాలు వెళ్ళు భారతీయునికి వీసా అవసరమే లేదు.

ఈ సౌలభ్యం ఎంత దూరం తీసుకొనిపోగలదో బొంబాయి పార్సీ యువకులు ఏనాడో చూపించినారు. 1923 అక్టోబరులో ఆరుగురు సైకిళ్ళపై ప్రపంచయాత్రకు బయలుదేరినారు. ఆదీ హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గరా అను ముగ్గురు మాత్రం పర్షియా, ఐరోపా, అమెరికా, జపాను, చైనాల మీదుగా సుమారు 71 వేల కిలోమీటర్లు తిరిగి 1928 మార్చిలో ఇల్లు చేరినారు. తక్కిన ముగ్గురు దారిలో విడిపోయినారు. వారిలో ఒకడు అమెరికాలోనే స్థిరపడినాడు. యాత్ర గొప్పదే, కాదనను. కాని నాకు ఎక్కువ ఆత్మీయంగా తోచునది మన ఇరుగుపొరుగు ఒడిశాకు చెందిన చిత్రకారుడు ప్రద్యుమ్న కుమార్ మహానందియా కథ. 1975లో ఢిల్లీలో పరిచయమైన స్వీడను దేశపు యువతి షార్లెట్‌ను తిరిగి కలిసికొనుటకై, విమానానికి డబ్బులేక, 1977 జనవరిలో ఒక పాత సైకిలు ఎక్కి పడమరకు సాగినాడు. అఫ్గానిస్థానం, ఇరాను, టర్కీల మీదుగా, కొంత సైకిలుపై, కొంత ఇతరుల బండ్లలో, చివర కొంత రైలులో ప్రయాణించి మే మాసంలో స్వీడను చేరినాడు. వారిద్దరూ అక్కడ సంసారం చేసికొన్నారు. రెండు సంవత్సరాలు జాగుచేసియుండినచో ఆ దారి దొరకకపోయెడిది. 1979లో ఇరానులో విప్లవం వచ్చినది, అఫ్గానిస్థానంలోనికి సోవియట్ సేనలు ప్రవేశించినవి. సైకిలు అదే, దారి మూతబడినది.

మా పొలిమేర అంత కఠినమైనది కాదు. కాని దాని చరిత్ర విచిత్రమైనది. గోదావరి ఎడమ ఒడ్డునున్న సిరొంచ ప్రాంతాన్ని 1860లో నిజాము ఆంగ్లేయులకు ఇచ్చివేసినాడు. అది పిమ్మట మధ్యపరగణాలలో చందా జిల్లాలో చేరినది. 1950లో మధ్యప్రదేశ్ అయినది, 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో కొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లా. కుడి ఒడ్డువారు హైదరాబాదు సంస్థానంనుండి 1956లో ఆంధ్రప్రదేశ్‌లోనికి, 2014లో తెలంగాణలోనికి వచ్చినారు. ఇంత జరిగినను రెండు ఒడ్డులలోను తెలుగు మాటలాడు కుటుంబాలున్నవి, పిల్లనిచ్చి పుచ్చుకొందురు. కాళేశ్వరంలో ఒకే పానవట్టంపై వున్న రెండు లింగాలను దర్శించుటకు అటువారు, ఇటువారు వత్తురు. వార్ధా, వైనగంగలు కలిసి ప్రాణహితగా మారి అక్కడ గోదావరిలో కలియును. 2022లో ప్రాణహిత పుష్కరాలు వచ్చినప్పుడు ఒకే నీటిలో రెండు రాష్ట్రాలవారు స్నానాలు చేసినారు.

మేము తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరినాము. బొగ్గు టిప్పర్లు నడుచు బాట దాటువరకు ముక్కులకు గుడ్డ కట్టుకొనక తప్పదు. మంథని చేరునప్పటికి తెల్లవారినది. వేదవిద్యకు పేరుపొందిన ఆ వూరిలో ఉప్మా తిని కాటారం బాట పట్టినాము. అక్కడినుండి అడవి మొదలగును. పుష్యమాసపు ఈశాన్యపు గాలి సూటిగా ఎదురు కొట్టినది. ఎదురుగాలి ఎత్తుకంటె చెడ్డది. ఎత్తుకు ఆవల దిగుడు వుండును, గాలికి ఆ ధర్మం లేదు. ఒకరి వెనుక ఒకరం పోయినచో వెనుకవానికి శ్రమ తగ్గును కాబట్టి పది నిమిషాలకొకమారు స్థానాలు మార్చుకొన్నాము. నా తోటివాడు తన వంతు వచ్చినప్పుడెల్లా గడియారం చూచినాడు. నా వంతులో చూచినట్లు జ్ఞాపకం లేదు. పట్టుబట్టలు నేయు మహదేవపురంలో నా వెనుక చక్రానికి ముల్లు దిగినది. కాళేశ్వరం చేరునప్పటికి ప్రొద్దు వ్రాలినది, కాళ్ళు మావి కానట్లుండినవి.

స్నేహితుని కుటుంబం వెళ్ళిననాడు ఇక్కడ వంతెన లేదు. లారీలోని సామాను రేవులో దింపి నాటుపడవలకు ఎక్కించి ఆవలకు చేర్చినారట. ఇప్పుడు పొడవైన వంతెన వున్నది. మరునాడు ఉదయం దానిపై సైకిళ్ళతో పోవుచు, పొలిమేర ఎక్కడనో చూడవలెనని నేను నెమ్మదించినాను. నీటిలో గీత యేదియు లేదు. వంతెన దిగినపిదప అంగళ్ళ పేరుపలకలు మరాఠీలోనికి మారినవి. అంగడిలోని సంభాషణ తెలుగులోనే సాగుచున్నది.

సిరొంచలో ముగ్గురిని అడిగినాము, ఫలితం లేదు. నాలుగవవాడు సైకిలు బాగుచేయు ముదుసలి. మా ప్రశ్న విని కొంతసేపు ఆలోచించి, "మడ్‌గార్డు మీద బాయి పేరు, నంబరు రాసి ఉంటది, ఆ సైకిలాయన కొడుకా? అంకీస తొవ్వల పోండ్రి బిడ్డా, మిరప తోటలుంటయి, అడుగుండ్రి" అన్నాడు. గని సైకిలు స్టాండులో బండ్లు కలిసిపోకుండుటకై కార్మికులు మడ్‌గార్డుపై తెల్లరంగుతో అట్లు వ్రాయించుకొనేవారు. క్వార్టరు అంకె పోయినను ఈ అంకె నిలిచినది. ఏటా ఓవరాలింగుకు వచ్చు ఆ బండిని అతడు మరువలేదు.

తోటలో మందు కొట్టుచున్న మనిషి మమ్ము చూచి పంపు దింపినాడు. నా తోటివాని నడక చూచి అతనిని గుర్తుపట్టినాడు. నన్ను పట్టలేదు. పేరు చెప్పిన తరువాత కొంతసేపు ఏమియు అనక, చేతులు కడుగుకొని వచ్చి నా సైకిలు పుచ్చుకొని నీడలో నిలిపినాడు.

కాకా ఏడేండ్ల క్రిందట మరణించినాడట. ఆ సంగతి మాకు తెలియదు. రాత్రి భోజనమైన తరువాత నేను కార్డు సంగతి ఎత్తి, అందినదనియు, జవాబు వ్రాయనిది నేననియు చెప్పినాను. అతడు మూడు కార్డులు వ్రాసినాడట. నాకు అందినది ఒకటే. తక్కినవి వచ్చునప్పటికి మేమును క్వార్టరు మారియుంటిమి. అతడు నెమ్మదిగా అన్నాడు: "బాపు రోజు అడుగుతుండె, పోరగాండ్లు ఉత్తరం రాసిండ్రా అని. రాలేదని చెప్పబుద్ధి కాలే. వచ్చింది, ఇద్దరు మంచిగున్నరట అని చెప్పిన. చివరిదాక గదే చెప్పిన." నాకు మాట రాలేదు. నా తోటివాడు లేచి బయటికి పోయి సైకిలు గొలుసు సరిచేయ నారంభించినాడు. దానికి ఏ లోపమూ లేదు.

మా మాటలలోని బరువు తగ్గించినది అతని తల్లి. ఆమె సాయంకాలాలు రేడియో పెట్టునట. నా పేరు అనేకసార్లు విని కొడుకును పిలిచి, మీ దోస్తేనేమో చూడమన్నదట. "గంత కితాబు లెక్క మాట్లాడేటోడు వాడెట్లయితడు అవ్వా అన్న" అని అతడు నవ్వినాడు. వృత్తిలో నాకింతవరకు దొరికిన విమర్శలన్నింటిలో ఇది సూటియైనది.

సరిహద్దు నాకు కనబడినది వంతెనపై కాదు, ఆ ఇంట్లో. స్నేహితుడు అక్కడి బడిలో చేరినప్పుడు పాఠాలు మరాఠీలో వుండుటవలన క్రింది తరగతిలో కూర్చుండవలసి వచ్చినది, రెండేండ్లకు చదువు మానినాడు. అతని పిల్లలిద్దరు ఇంట్లో చక్కని తెలుగు మాటలాడుదురు. తెలుగు అక్షరం చదువలేరు. నేను తీసికొనిపోయిన మా పత్రిక సంచికను తిరగవేసి బొమ్మలు చూచి నాకిచ్చినారు. అదే రాత్రి రేడియోలో నాటకం వచ్చినప్పుడు మాత్రం అందరికంటె ముందు వారే నవ్వినారు.

మూడవనాడు ముగ్గురం ఇంద్రావతివరకు పోయినాము. ఆ నది ఒడిశాలోని కలహండిలో పుట్టి, బస్తరులో చిత్రకూట్ వద్ద జలపాతమై దూకి, ఇక్కడ గోదావరిని చేరవచ్చును. స్నేహితుడు తండ్రి సైకిలునే తెచ్చినాడు. తెల్లరంగు వెలిసి అంకెలో సగమే కనబడుచున్నది. వంతెన దాటి భోపాలపట్నం వైపు కొంతదూరం పోయి ఒక టీ అంగడిలో కూర్చున్నాము; అక్కడి యజమాని హిందీలో మొదలుపెట్టి మా మాటలు విని తెలుగులోనికి మారినాడు. తిరుగు దారిలో కాకా సైకిలును వంతులవారీగా తొక్కినాము. సీటు ఇప్పుడు సరియైన ఎత్తులోనే వున్నది.

మధ్యాహ్నం తోటకు కరెంటు వచ్చు వేళ కావున స్నేహితుడు తన పల్లె బాట దగ్గర ఆగిపోయినాడు. పిన్‌కోడుతో సహా చిరునామా తెలుగులోను, మరాఠీలోను వ్రాయించుకొన్నాను. ఫోను నంబరు వుండగా ఇది దేనికని నా తోటివాడు అడిగినాడు. మరునాడు కాళేశ్వరం తపాలా కార్యాలయంలో 50 పైసల కార్డు కొని, ఇద్దరం మంచిగున్నామని వ్రాసి, తల్లి పేర పెట్టెలో వేసి, వెనుక టైరులో గాలి చూచుకొని బయలుదేరినాము. ఈసారి గాలి వెనుకనుండి వీచినది.